యాభై వాట్ల పాయ

ఇంటికి పిలిచిన చుట్టం ముక్కు మూసుకుని కూర్చునేలా చేసిన మనిషిని నేను. ఆ సంగతి చెబుతాను, మీరు కడుపు నిండా నవ్వండి. నవ్వే ముందు ఒక్క మాట మాత్రం నమ్మండి: నా లెక్క తప్పలేదు. ఆ గుణకారం ఇవాళ్టికీ సరిగ్గానే ఉంది, కావాలంటే మీరే కాగితం మీద వేసి చూసుకోండి. చెడిపోయినవి మేకకాళ్లు.

మాది తంగళ్ళపల్లి. సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డులో ఏ మగ్గం మీద ఎన్ని మీటర్ల గుడ్డ దిగిందో లెక్కగట్టడం నా పని. పదో తరగతి గణితం దగ్గర బడి నన్ను వదిలేసింది, నేను గణితాన్ని వదల్లేదు. తర్వాత నేర్చుకున్నదంతా సొంతంగానే. సొంతంగా నేర్చుకున్నవాడితో ఒక చిక్కు ఉంది. తప్పు నేర్చుకున్నా దిద్దేవాడు ఉండడు, ధైర్యం మాత్రం చదువుకున్నవాడికన్నా రెండింతలు ఉంటుంది.

ఆ ధైర్యంతోనే మా బావ రాజమల్లు పరువు తీశాను. బావ అంటే నా భార్య సుజాతకు సొంత అన్న, కోరుట్లలో ఉంటాడు. రెండేళ్ల కింద కొత్త ఇల్లు కట్టుకుని దావత్ ఇచ్చాడు. నేను తిని ఊరుకోవచ్చు కదా. వంటపాత్రల దగ్గర నిలబడి, గిన్నెలు లెక్కపెట్టి, వరుసలో ఉన్నవాళ్లను లెక్కపెట్టి, పక్కన ఎవరో అడిగితే అందరికీ వినపడేటట్టు చెప్పాను: "ఇంక తొంభై మందికే అస్తది కూర. ఎనకున్నోళ్లకు పులుసే." వెనక ఉన్నవాళ్లు అది విన్నారు. తర్వాత జరిగింది మీ ఊహకే వదిలేస్తున్నాను, నా ఊహకు మాత్రం అది రోజూ వస్తూనే ఉంటుంది. పళ్లాలు పట్టుకుని జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. బావ చేతులు జోడించి "ఉన్నది, ఉన్నది, అందరికీ ఉన్నది" అని అరుస్తూ నిలబడ్డాడు. చివరికి రెండు పెద్ద గిన్నెల కూర మిగిలింది. చిన్నపిల్లల్ని కూడా పెద్దవాళ్ల కింద లెక్కవేశాను మరి.

ఆ రోజు నుంచి బావ మా గడప తొక్కలేదు. సుజాత రెండు రాఖీలు కొని పెట్టెలో దాచుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మొన్న వానాకాలంలో బావ బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. సుజాత ఆసుపత్రికి పోయి వచ్చింది, ఫోన్లలో మాటలు కలిశాయి, చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. ఆమె ఆ మాట నాకు చెబుతూ బీడీల చాట పక్కన పెట్టింది. అది ఆమె ఉత్తగా పక్కన పెట్టే వస్తువు కాదు.

"ఇరిగిన కాలు. మేకకాళ్ల పాయ పెట్టాలె అన్నకు. మెత్తగ, ఎముక నుంచి జారిపోయేటట్టు," అంది. "కని నాలుగు గంటలు పొయ్యికాడ నిలబడితె బీడీలెవరు చేస్తరు?"

"పాయ నేను జూసుకుంట," అన్నాను. చేసిన తప్పు దిద్దుకోవాలని ఉండదా నాకు?

మా బిడ్డ శ్రావణి ఫోన్లో చూపించింది. స్లో కుక్కరట. మట్టికుండ లాంటి గిన్నె, కింద కరెంటు. పొద్దున వేసి మరిచిపోతే మాంసం దానంతట అదే వెన్నలా అవుతుందట. మరిచిపోవడమే వంట అయితే నాకన్నా గొప్ప వంటవాడు ఎవడు?

సిరిసిల్లలో దొరకలేదు. జగిత్యాల బస్సెక్కాను. అక్కడి షాపులో ధర చూసి, కాసేపు దాని మూత ఎత్తుతూ దించుతూ గౌరవంగా నిలబడి, కోరుట్ల బస్సెక్కాను. కోరుట్లలో బావ ఉండే వీధి మొదట్లోకి వెళ్లి, లోపలికి పోయే ముఖం లేక, ఎవరో తరిమినట్టు వెనక్కి తిరిగి సామాన్ల దుకాణంలో దూరాను.

దుకాణదారు పెద్దాయన ధూళి కొట్టుకున్న ఒక కుక్కర్ తీశాడు. ధర జగిత్యాల ధరలో మూడో వంతు. నాకు అనుమానం వచ్చింది. ఆయన దాచలేదు.

"సార్, సాఫ్ సీదా చెప్తున్న. దీన్ల హై పని చెయ్యది, లో పని చెయ్యది. వార్మ్ ఒక్కటే నడుస్తది. వండిన కూర వెచ్చగ ఉంచుకునేటందుకు దీస్కపోతరు."

"హై ఎన్ని వాట్లు?"

"రెండు వందలు. పాడైందంటున్న గదా."

"వార్మ్?"

"యాభై."

జేబులోంచి కాగితం తీశాను. మా షెడ్డులో నిమిషానికి పోగులు తక్కువ కొట్టే పాత మగ్గం ఒకటుంది. కొత్త మగ్గం ఒక రోజులో దించే గుడ్డను అది రెండు రోజుల్లో దించుతుంది. గుడ్డ అదే, మీటర్లు అవే, ఆలస్యం ఒక్కటే తేడా. వంట మాత్రం వేరే ఏముంది? రెండు వందల వాట్లు ఆరు గంటలు, పన్నెండు వందలు. యాభై వాట్లు ఇరవై నాలుగు గంటలు, పన్నెండు వందలు. సమానం. దుకాణదారుకు తెలియని రహస్యం నా చేతిలో ఉంది.

"నాకు తొందర లేదు," అన్నాను.

"సార్, దీన్ల ఉడుకది."

"టైమియ్యాలె పెద్దాయన. దేనికైనా టైమియ్యాలె."

ఆయన నన్ను అదోలా చూశాడు. అది మెచ్చుకోలు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, మందు బిళ్ల వేసుకోవడం మరిచిపోయి ఇల్లు వదిలి వచ్చిన రోగిని అలా చూస్తారు.

శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు, గడియారం చూసి మరీ, కాల్చి కడిగిన మేకకాళ్లు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు, నీళ్లు అన్నీ వేసి స్విచ్ నొక్కాను. మూత మీద ఒక చీటీ అంటించాను: "ఆదివారం 12 వరకు తెరవరాదు." మూత తెరిస్తే వేడి పోతుందని ఫోన్లో చెప్పారు. నాకున్న వేడే అంతంతమాత్రం, అందులోంచి పోగొట్టుకునే స్తోమత లేదు.

సాయంత్రం సుజాత ఆ గిన్నెకు చెయ్యి ఆనించింది.

"ఇగో, చంటిపిల్లకు తానం పోసే నీళ్ల లెక్కున్నది గిది."

"గట్లనే ఉండాలె. నిదానం వంట."

"బుడగ రాదు, ఆవిరి రాదు. ఇది వంటనా, నిద్రనా? పొయ్యి మీదికి మారుస్త ఇటియ్యి."

"పద్దెనిమిది గంటలున్నయి ఇంక. మధ్యల మారిస్తె నా లెక్క ఎటుపోవాలె?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "మా అన్న అస్తున్నడు. రెండేండ్లకు అస్తున్నడు. గది యాదికుంచుకో." అంతే అంది. ఆ ఒక్క మాటకు నేను లేచి ప్లగ్గు పీకి ఉండాల్సింది. నేను కాగితం తీసి గుణకారం మరోసారి సరిచూశాను. సరిపోయింది.

ఆదివారం పొద్దున వంటింట్లో ఒక వాసన మొదలైంది. శ్రావణి "నాయినా, ఎలుక గిట్ల సచ్చిందా?" అని గ్యాసుబండ వెనక వెతికింది. "మసాలా దిగుతున్నది బిడ్డా," అన్నాను. కిటికీలు తెరిచాను. అగరుబత్తీలు రెండు ముట్టించాను, సరిపోక ఆరు చేశాను. ఆ పొగలో మా ఇల్లు చూస్తే లోపల ఏదో శాంతిపూజ జరుగుతోందనుకుంటారు ఎవరైనా.

పదకొండున్నరకు బావ కిరాయి కారులో దిగాడు, చేతికర్ర ఆనించుకుంటూ. సుజాత ఎదురుపోయి చెయ్యి పట్టుకుంది. ఆయన కుర్చీలో కూర్చుని, సరిగ్గా మీటరు దూరంలో నిలబడి ఉన్న నన్ను దాటుకుని చెల్లెలిని అడిగాడు.

"చెల్లె, మీ ఇంటాయన మంచిగున్నడా?"

"మంచిగున్నడన్న. గీడనే ఉన్నడు గదా."

"ఆ, కనబడుతున్నడు."

నాతో మాట్లాడడు. సరే, పాయ మాట్లాడుతుంది అనుకున్నాను. పన్నెండు కాగానే కుక్కరును పట్టుకొచ్చి ఆయన ముందు స్టూలు మీద పెట్టాను. వాట్లు, గంటలు, పాత మగ్గం, కొత్త మగ్గం, అంతా వివరించాను. ఎవరూ అడగలేదు. చీటీ పీకి మూత ఎత్తాను.

వాసనను మాటల్లో చెప్పను, మీరు భోజనం చేసి ఉండవచ్చు. పైన బూడిదరంగు నురగ. దాని కింద మేకకాళ్లు నిన్న లోపలికి ఎలా పోయాయో అలాగే, కీళ్లు బిగబట్టుకుని ఉన్నాయి. ఒకదాన్ని గరిటెతో కొట్టాను. తలుపు తట్టినట్టు చప్పుడైంది.

బావ తువ్వాల ముక్కుకు పెట్టుకున్నాడు. "చెల్లె, ఎప్పటిది గిది?"

"నిన్న పన్నెండు గంటలది బావా," అన్నాను నేనే. "లెక్క ప్రకారం..."

సుజాత నన్ను ముగించనివ్వలేదు. గిన్నెను రెండు చెవులు పట్టుకుని ఎత్తి పెరట్లోకి తీసుకుపోయింది. తిరిగి వచ్చి చేతులు కడుక్కుని, పొయ్యివైపు తిరిగి నిలబడిపోయింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. తిట్టడానికి నోరు రానంత ఏడుపు వచ్చింది ఆమెకు. నా చేతిలో ఇంకా ఆ కాగితం ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాను. దావత్ రోజు కూడా నేను ఇంత చిన్నవాణ్ణి కాలేదు. ఆ రోజు పరాయివాళ్ల ముందు తప్పు చేశాను, ఇవాళ నమ్మినామె ముందు.

బావ కర్ర అందుకుని లేచాడు. ఇక పోతాడనుకున్నాను. కారు కూడా బయటే ఉంది. ఆయన కుంటుకుంటూ వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కన పీట మీద కూర్చున్నాడు, కాలు బారజాపుకుని.

"గుడ్లున్నయా చెల్లె?"

"ఎనిమిదున్నయన్న."

"ఉడకబెట్టు. ఉల్లిగడ్డలిటియ్యి, నేను గోస్త."

అరగంటలో కోడిగుడ్ల పులుసు, అన్నం. రెండేళ్ల తర్వాత బావ మా ఇంట్లో మొదటి ముద్ద కలుపుకున్నాడు. సుజాత ఆ ముద్దను కంచం నుంచి నోటిదాకా చూసింది. నేను గోడకు ఆనుకుని, వడ్డించమంటే వడ్డిస్తూ, వద్దంటే ఆగుతూ ఉన్నాను.

రెండో గుడ్డు చేతిలోకి తీసుకుని బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి, రెండేళ్లలో మొదటిసారి, నావైపే చూసి మాట్లాడాడు.

"బావా, కోడి గుడ్ల మీద ఎన్ని దినాలు పొదుగుతది?"

"ఇరవై ఒక్క దినం బావా."

"గంటల్ల చెప్పు."

"ఐదు వందల నాలుగు."

"వెచ్చగనే ఉంటది గదా గా కోడి?"

"ఉంటది."

"మరి గుడ్డు ఉడుకుతదా?"

అవతల శ్రావణి అన్నం గిన్నె కింద పెట్టి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. సుజాత మొదట పెదవి బిగబట్టింది, తర్వాత ఆగలేదు. కళ్లు తడిగానే ఉన్నాయి, నవ్వు మాత్రం ఇల్లంతా వినపడింది. బావకు పొలమారింది. నీళ్లు అందిస్తూ, అదే అదనుగా, "దావత్ నాడు తప్పు నాదే బావా," అన్నాను. ఆయన నీళ్లు తాగి, "గది నాకెరుకే," అని ఇంకొంచెం పులుసు వేయించుకున్నాడు.

కాబట్టి మహాజనులారా, షెడ్డులోని అన్ని మగ్గాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వంటింటి గడప దగ్గర నా కాగితం, పెన్ను, జ్ఞానం మూడూ చెప్పులతోపాటు విడిచే లోపలికి అడుగు పెడతాను. ఏ కూరనూ దేనితోనూ గుణించను. ఉప్పు ఎంత వెయ్యాలని ఎవరడిగినా, ప్రాణం మీదికి వచ్చినా సరే, నా నోటివెంట అంకె రాదు. తగినంత అంటాను.