అరుణ టీచర్ ఆపిన వ్యాసం

అరుణ టీచర్‌ది మహేశ్వరం. పాల్మాకుల దగ్గరి మా బడిలో ఆవిడ తెలుగు చెబుతారు, నేను లెక్కలు. పిల్లలు హోంవర్కు ఏఐతో రాయించుకొస్తున్నారని తెలిసి నేను ఒంటికాలి మీద లేచాను. ఫోన్లన్నీ లాక్కోవాలన్నాను.

"బడి దాటంగనే మళ్ల పట్టుకుంటరు రాజు సార్. రాయించుకోనీయండి. కాని ఒక్కో వాక్యానికి సాక్ష్యం తేవాలె" అన్నారావిడ. పుస్తకమో, మనిషో ఉండాలి. సాక్ష్యం దొరకని వాక్యం కొట్టేయాలి. అబ్బో, చాదస్తం అనుకున్నాను.

ఎనిమిదో తరగతి అనుపమ 'మా బాపు' అని వ్యాసం తెచ్చి మా ఇద్దరి ముందు చదివింది. వాళ్ల నాన్న ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పని చేసేవాడు. ఆ పిల్ల పసిగా ఉన్నప్పుడే రోడ్డు ప్రమాదంలో పోయాడు. వ్యాసంలో మాత్రం ఆయన కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని విమానాలు చూపించేవాడు, పాయసం ఇష్టంగా తినేవాడు. వింటుంటే నాకూ కళ్లు చెమర్చాయి. మండల పోటీకి పంపుదామన్నాను.

"ఇంట్ల ఎవరినన్న అడిగినవా బిడ్డా?" అన్నారు అరుణ.

పిల్ల బావురుమంది. "అడిగితే నాయినమ్మ ఏడుస్తది టీచర్. అమ్మ లేచి అవతలికి పోతది. ఫోనొక్కటే చెప్పింది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇదేం పంతమండీ! తండ్రి లేని పిల్ల దగ్గర ఆ నాలుగు మాటలు కూడా లాక్కోవాలా?"

"అది వాళ్ల బాపు కాదు సార్. గిట్లనే వదిలేస్తే ఇగ జన్మంత ఆ లేని మనిషినే బాపనుకుంటది." తర్వాత అనుపమతో, "పెత్రమాస వస్తుంది కదా. ఆ దినం అడుగు, నేనొస్త" అన్నారు.

పెత్రమాస నాడు ఇక్కడ పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, వాళ్ల పేరు మీద బియ్యం ఇస్తారు. టీచర్‌ని బండి మీద తీసుకెళ్లింది నేనే, దారంతా గొణుగుతూనే. నాయినమ్మ భారతమ్మ పొయ్యి ముందు ఉంది.

"నాయినమ్మా, బాపుకు పాయసం చెయ్యవా? ఇష్టం కదా" అంది అనుపమ.

"ఎవరు చెప్పిండ్రే?"

"ఫోన్ల ఉంది."

భారతమ్మ గరిటె కింద పెట్టేసింది. "వాడు తీపి నోట్లె పెట్టకపోతుండె. బోటికూరంటే పానమిస్తుండె." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇక లేచి వెళ్లిపోతుందనుకున్నాను. అరుణ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు.

అనుపమ మెల్లగా అడిగింది. "నన్ను భుజాల మీద ఎత్తుకునేటోడా?"

"యాడ ఎత్తుకునుడు? దగ్గరికి తీసుకుంటే గడ్డం గుచ్చుకుని లొల్లి లొల్లి చేస్తుంటివి. నీ కోసమే దినాం గడ్డం గీసుకునుడు షురూ చేసిండు. పోయిన నాడు పొద్దుగాల గూడ గీసుకునే పోయిండు, బిడ్డా."

పిల్ల తన చెంప మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇంకా చెప్పు నాయినమ్మా" అంది.