మేకు లేని తోరణం

భారత ప్రభుత్వాన్ని రెండేళ్లపాటు మా గది గోడ మీది తోరణం ముందు నిలబెట్టినవాణ్ణి నేను. మద్రాసు పేటెంటు ఆఫీసులో పెద్ద అధికారి ఎదుట కూర్చుని, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకునేదాకా వాదించాను. చివరికి ఆయనే లేచి, "మాస్టారూ, మీ బంక ముందు మా చట్టం చాలదు" అన్నాడు.

ఈ మాట వరంగల్‌లో నాతో పనిచేసిన ఉపాధ్యాయులందరూ విన్నారు. కొందరు విన్నదే మళ్లీ విన్నారు. వినేవాళ్లను బట్టి ఆ అధికారి నాకు కాఫీ కూడా ఇప్పించేవాడు. ఇప్పుడు వినేవాళ్లు తగ్గారు కనుక ఉన్నదున్నట్టు చెబుతాను. తోరణం నిజం. గోడ నిజం. మిగతాది ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వస్తాను.

డెబ్బైల చివర్లో నేను వరంగల్ స్టేషనుకు దగ్గరలో ఒక సందులో అద్దెకుండేవాణ్ణి. బళ్లో డ్రాయింగు చెప్పేవాణ్ణి. ఇంటి యజమాని ముందు గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. వెనక గది మాది. ఆయన ముస్లిం, నాకంటే కాస్త చిన్నవాడు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సారూ అనేవాడు. గది చూపించిన రోజే ఒక షరతు పెట్టాడు.

"సారూ, చుట్టాలు రానీ, బంధువులు రానీ, నాకేం ఫికర్ లేదు. గోడకు మేకు మాత్రం కొట్టద్దు. మట్టి గోడ. మేకు కొడితే గంపెడు మట్టి రాలుతది."

నేను తలూపాను. మా ఆవిడ మాత్రం గోడను చూస్తూ నిలబడింది. ఆమెకు ఖాళీ గోడంటే పడదు. ఆమెది రఘునాథపల్లి వైపు, గొంగళ్లు నేసే ఇల్లు. చేతులు ఊరికే ఉండేవి కావు. పాత ఆకుపచ్చ చీరను మామిడాకుల్లా కత్తిరించి, అంచులకు పూసలు, నడుమ అద్దం బిళ్లలు కుట్టి, ఒక్కో ఆకుకు వెనక మందపాటి గుడ్డ పెట్టి, ఒకనాడు నేను బడి నుంచి వచ్చేసరికి గోడ పొడుగునా తోరణం చేసి పెట్టింది. ఎక్కడా మేకు లేదు, దారం లేదు. ఆకులన్నీ దేనికది గోడకు అతుక్కుని ఉన్నాయి.

"దేనితో అతికించావు?" అన్నాను.

"బంకతోని" అంది.

అంతకుమించి నేను అడగలేదు. ఆకలిగా ఉంది, అన్నం తిన్నాను. ఆ తోరణం రెండు వానకాలాలు చూసింది. సందు మొత్తం తడిసి గోడలు చెమ్మగిల్లినా ఒక్క ఆకు జారలేదు.

మూడో వానకాలానికి ఆమె లేదు. దవాఖానకు నడుచుకుంటూనే వెళ్లింది, జ్వరమే కదా అనుకున్నాం. తిరిగి రాలేదు. మాకు పిల్లలు లేరు. చుట్టాలు దినాలయ్యేదాకా ఉండి వెళ్లిపోయారు.

ఆ ఏడాది మాకు పండుగలు లేవు. ఇంట్లో మనిషి పోతే సంవత్సరీకం దాకా గుమ్మానికి ఆకు కట్టరు. దసరాకు సందులో ప్రతి ద్వారం పచ్చగా ఉంది, నాదొక్కటే బోసిగా ఉంది. లోపల గోడ మీది తోరణం మాత్రం ఉంది. దాన్ని తీయాలా ఉంచాలా అన్న సంగతి ఎవరినడగాలో తెలియలేదు. భాయ్ ఏటా దసరా ముందు ఇంటికి సున్నం వేయించేవాడు. ఆ ఏడు సున్నం కొట్టే మనిషి తోరణం దగ్గర చెయ్యి ఆపి నా వైపు చూశాడు. భాయ్ గుమ్మంలోంచి, "ఆకుల సుట్టు కొట్టు, ఆకులకు తాకనియ్యకు" అన్నాడు.

సాయంత్రాలు నేను ఆ గోడకు ఎదురుగా కూర్చునేవాణ్ణి. ముందు గదిలో టైపు మిషన్లు ఆగిపోయాక ఇల్లు ఎంత పెద్దదో తెలిసేది. ఒకరోజు భాయ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు తోరణం చూసి, మాట్లాడించడానికే అన్నాడనుకుంటాను: "సారూ, గిసుంటిదానికి పేటెంటు ఇస్తరంట. మేకు లేకుంట నిలవడుడు చిన్న సంగతి కాదు."

ఆయన కోర్టు కాగితాలు టైపు చేసే మనిషి. ఏ ఆఫీసుకు ఏ ఫారమో ఆయన వేళ్లకు తెలుసు. తోరణం అని రాస్తే పై ఆఫీసుల్లో చెల్లదని, 'అడెసివ్ మౌంటెడ్ డెకరేటివ్ అసెంబ్లీ' అని పెద్దక్షరాల్లో కొట్టాడు. చదివితే నాకే భయం వేసింది. కనిపెట్టినవారి పేరు దగ్గర ఆగాడు.

"ఎవల పేరు?"

"ఆమె పేరు కొట్టు."

"ఆమె సంతకం ఎట్ల పెడ్తది సారూ?"

చివరికి నా పేరే కొట్టాడు. నేనే సంతకం చేశాను. ఆ తోరణంలో నేను చేసిన పని అదొక్కటే.

చాన్నాళ్లకు మద్రాసు నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. నా దరఖాస్తును ఒక అధికారి పరీక్షించి అభ్యంతరాలు రాశాడు. గుడ్డ తెలిసినదే, పూసలు తెలిసినవే, బంకా తెలిసినదే; తెలిసిన వస్తువులను పక్కపక్కన పెట్టి, దేని పని అది చేసుకుంటుంటే దాన్ని కొత్త ఆవిష్కరణ అనలేమన్నాడు. అందంగా ఉండటం తమ ఆఫీసు చూసే సంగతి కాదన్నాడు.

కోపం రావాలి. రాలేదు. ఆమె పోయాక నన్నొక ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. ముఖం తెలియదు, పేరు సరిగా కనిపించని సంతకం. ఆకులెన్ని, ఒకదానికొకటి ఎంత దూరం, వెనక గుడ్డ దేనికి అని అడిగాడు. మా ఇంటి గోడ గురించి అంత శ్రద్ధగా ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం పొయ్యి ముట్టించి పప్పు, వంకాయ కూర వండాను. భాయ్‌ని పిలిచి, ఇద్దరం తింటూ జవాబు రాశాం. దేని పని అది చేసుకోవటం లేదయ్యా, గుడ్డ లేకపోతే బంక నిలవదు, బంక లేకపోతే గుడ్డ నిలవదు, రెండూ కలిస్తేనే గోడ మీద ఆకు నిలుస్తుందని రాశాం. భాయ్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, రెండు చోట్ల 'హంబ్లీ' అని తగిలించాడు.

తర్వాతి ఉత్తరంలో ఆ అధికారి కొంచెం మెత్తబడ్డాడు. అంత గట్టిగా నిలుస్తోందంటే అందులో ఏదో విశేషం ఉండొచ్చు. అయితే ఆ బంకను ఎలా తయారు చేయాలో, గోడకు ఎలా అతికించాలో మరొకరు చదివి చేయగలిగేటట్టు పూర్తిగా వివరించాలన్నాడు. గడువులోగా వివరించకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే.

నాకు తెలియదు. భార్య చేతి పని గురించి నాకు తెలిసింది 'బంకతోని' అన్న ఒక్క మాట.

రఘునాథపల్లి బస్సెక్కి అత్తమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె వాకిట్లో చింతగింజలు వేయిస్తోంది. విషయం చెప్పాను.

"గొంగడికి పెట్టే గంజే బిడ్డా. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, నూరి ఉడకబెట్టుడే. ఇంకేముంటది?"

"ఇంకేదో కలిపేది కావచ్చు."

"ఏం కలుపుతది? నా బిడ్డకు నాకు తెల్వని ఇద్య ఏముంటది?"

నేను నమ్మలేదు. ఇంటికొచ్చి గంజి కాచాను. ఒక గుడ్డ ఆకు చేసి గోడకు అతికించాను. తెల్లారేసరికి కింద పడి ఉంది, వీపున సున్నం పెచ్చుతో. గంజిలో తుమ్మబంక కలిపాను. పడింది. మెంతిపిండి, బెల్లం, గుడ్డు తెల్లసొన కలిపి చూశాను. పడ్డాయి, అన్నీ వీపున తెల్లగా సున్నం మోసుకునే పడ్డాయి. ఆమె ఏం కలిపిందో అదే అందటం లేదనుకున్నాను. గదంతా పులిసిన గంజి వాసన. ఒక గోడ మీద ఆమె తోరణం చెక్కుచెదరకుండా ఉంది, ఎదురు గోడ మీద నావన్నీ మచ్చలు.

భాయ్ ఒకనాడు ఆ మచ్చలు చూసి అన్నాడు: "సారూ, గిన్ని తిప్పలెందుకు? ఆమె అతికిచ్చిన ఆకు ఒక్కటి పీకి సూడు. ఎనక ఏమున్నదో కనవడ్తది."

నేను లేచి తోరణం దగ్గరికి వెళ్లాను. చివరి ఆకు కొసను గోటితో పట్టుకున్నాను. దాని అంచున ఒక పూస ఊడిపోతే ఆమె వేరే రంగు పూస కుట్టింది, అప్పటిదాకా చూడనేలేదు. చెయ్యి తీసేశాను.

"వద్దు భాయ్."

"నీ ఇష్టం" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

గడువు దగ్గర పడింది. కావాలంటే స్వయంగా వచ్చి చెప్పుకోవచ్చని మద్రాసు నుంచి కబురు వచ్చింది. బళ్లో సెలవు పెట్టాను. అందరికీ చెప్పాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని కాజీపేటలో మద్రాసు బండి కోసం కూర్చున్నాను. బండి వచ్చింది. ఆ అధికారి ముందు కూర్చుంటే అడిగేది ఒకటే ప్రశ్న, నా దగ్గర లేనిది ఆ ఒక్క జవాబే. పైగా ఆ మనిషిని చూశాక ఇక ఉత్తరాలుండవు. బండి వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిని, హనుమకొండలో తెలిసినవాళ్లింట్లో సెలవు అయిపోయేదాకా ఉండి, బడికి వెళ్లి మద్రాసు సంగతులు చెప్పాను. కళ్లజోడు తుడుచుకోవడం అప్పుడు పుట్టింది. కాఫీ తర్వాత చేరింది.

కొన్నాళ్లకు ఆఖరి ఉత్తరం వచ్చింది. దరఖాస్తు వదులుకున్నట్టుగా భావించడమైనది. దాన్ని మడిచి పెట్టుకున్నాను. ఆ రోజు వండుకున్నానో లేదో గుర్తు లేదు.

ఎనభైల చివర రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు ముందు నుంచి వెనక దాకా పోయింది. తోరణం గోడతోనే పోయింది. అప్పటికి నేను బదిలీ మీద వేరే ఊళ్లో ఉన్నాను. బంక మర్మం ఆమెతో పోయింది, ఆమె చేతి పని విప్పి చూడలేక పేటెంటును నేనే వదులుకున్నాను. ఇదీ అసలు కథ.

ఇంతవరకు రాసి మొన్న భాయ్‌కి చదివి వినిపించాను. ఇప్పుడు ఇద్దరం హనుమకొండలోనే ఉంటాం. ఆయనకు చూపు తగ్గింది, చెవులు మాత్రం బాగున్నాయి. ఆఖరిదాకా విని అన్నాడు:

"కాజీపేట ముచ్చట నిజమే రాసినవు. గని బంకల మర్మమున్నదన్నవు సూడు, గది తప్పు. బంకల ఏం లేదు, మీ అత్తమ్మ చెప్పనే చెప్పె. ఏటేటా కొట్టిన సున్నం మా గోడకు పెచ్చు కట్టి ఉండె. దానికి ఏది అతికినా సున్నంతోనే ఊడొస్తది. నీ ఆకులన్ని గట్లనే పడ్డయి. ఆమె ముందుగాల నా దగ్గరికొచ్చి, 'అన్నా, మేకు కొట్టను గని ఆకు పట్టేంత మేర సున్నం గీక్కుంట' అన్నది. సరే అన్న. నువ్వు బడికి పోయినంక చెంచతోని మట్టి తేలేదాక గీకి అతికిచ్చింది. స్టూలు నేనే పట్టుకున్న."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా" అన్నాను.

"నీ తిప్పలు సూడలేక ఒక్కపారి ఆకు పీకమన్న గద. పీకలె."

"నోటితో చెప్పొచ్చు కదా భాయ్."

"చెప్తే నువ్వు గదే రాసి పంపుతుంటివి, పని ఒడుస్తుండె, ఉత్తరాలు బందయితుండె. మద్రాసు ఉత్తరం వచ్చిన నాడే నీ పొయ్యి ముట్టేది సారూ. కడమ దినాలు అరటిపండ్లు తిని పండేటోనివి, నాకు తెల్వదా? ఆమె కోసం పేటెంటు ఇడిసిపెట్టిన్నని రాసుకున్నవు, గది కొట్టెయ్. నీకు తెల్వకపాయె, నేను చెప్పకపోతి. గంతే."