పదకొండో మడి

మా వీధివాళ్లంతా కలిసి పెంచుకునే తోటలో పదకొండో మడి ఒక దర్జీ ఆవిడది. పగలంతా బట్టలు కుట్టి, మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి సాయంత్రం తోటకి వచ్చేది. ఆవిడ సొరకాయల ముందు మా సొరకాయలకు సిగ్గేసేది. అంతా ఆవిడ హస్తవాసి అనుకున్నాం. ఏ మొక్క నాటాలన్నా ముందు ఆవిడ చేత్తో ముట్టించేవాళ్లం. పద్నాలుగేళ్లు ఆవిడ ఔననలేదు, కాదనలేదు. పొగడ్త ఎవరికి చేదు?

వాన పడితే మాత్రం వీధి నీళ్లన్నీ తోటలోంచి పారి దిగువ వరస ఇళ్లలోకి చేరేవి. మాదీ ఆ వరసే. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని పడుకునేవాళ్లం. అర్జీలు పెట్టి పెట్టి విసిగాక ఒక ఎండాకాలం మునిసిపాలిటీకి దయ కలిగింది. వాన నీళ్లు ఇంకడానికి తోటలో పెద్ద గుంట తవ్వించేందుకు డబ్బు మంజూరు చేసింది. ఒక్క గుంటకే, అదీ ఒక్కసారే.

ఇంజనీరు వచ్చి గేటు పక్క ఖాళీ జాగాలో సున్నంతో గీత గీశాడు. ఎవరి మడీ పోదు. తోట సంఘం కార్యదర్శి, అంటే దర్జీ ఆవిడ మరిది, హమ్మయ్య అనుకున్నాడు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మా తోటలో ఆ రెండూ ఎరిగింది దర్జీ ఆవిడే. వీధి నీళ్లు గేటు దగ్గర చుక్క నిలవవు. పదకొండో మడిలో ఆగి, ఒండ్రు అక్కడ వదిలి, ఆ తర్వాతే మా ఇళ్లకు వస్తాయి. వాన వెలవగానే ఆవిడ పారతో వెళ్లి ఆ ఒండ్రుని మట్టిలో కలిపేసేది. మేం వెళ్లేసరికి అంతా మామూలే.

రెండు రోజులు ఆగి మరిదికి చెప్పింది.

"గుంట నా మడిలో తవ్వాలయ్యా. నీళ్లాగేది అక్కడే."

"నీకెందుకొచ్చిన గొడవ వదినా? చేజేతులా మడి పోగొట్టుకుంటావా? రేపు నలుగురూ ఏమంటారు?"

"ఏమంటారో తెలుసు. అందుకే రెండు రోజులుగా కుట్టిందే విప్పి మళ్లీ కుడుతున్నా."

మర్నాడు ఇంజనీరునీ మమ్మల్నీ నిలబెట్టి గేటు దగ్గర నీళ్ల పైపు విప్పింది. నీళ్లు సున్నం గీత దాటి, ఆయన బూట్లు తడిపి, తిన్నగా పోయి పదకొండో మడిలో ఆగాయి.

"ఈ సంగతి ముందే ఎవరూ చెప్పలేదేంటండీ?" అన్నాడాయన.

"చెప్పాల్సింది నేనే. నా కాయలన్నీ ఈ నీళ్ల పుణ్యం. నా చేతిలో ఏమీ లేదు," అంది మా అందరి ముందూ.

అబద్ధమెందుకు, నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ మమ్మల్ని వెర్రివాళ్లని చేసిందని మాట్లాడడం మానేశాను. గుంట పదకొండో మడిలోనే తవ్వారు. ఆవిడకి గేటు పక్కన రాళ్ల నేల ఇచ్చారు.

వానలు మొదలయ్యాయి. మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. నాలుగో రోజు తోటకి వెళితే ఆవిడ కొత్త మడిలో సొరతీగ మూరెడు కూడా లేదు. ఆకులు పసుపు తిరిగి ఉన్నాయి. నాకు నోరాగలేదు.

"ఏమైందక్కా మీ హస్తవాసి?"

ఆవిడ తలెత్తలేదు. రాళ్లు ఏరుతూనే అడిగింది.

"మీ ఇంట్లోకి నీళ్లొచ్చాయా?"

"రాలేదు."

"మరింకేం, హస్తవాసి ఉన్నట్టేగా."

ఆ సాయంత్రం మంచం కింద ఇటుకలు తీసి, తీసుకెళ్లి ఆవిడ మడికి గట్టుగా పేర్చి వచ్చాను.