తొట్టికి వేసిన సున్నం

బాగేపల్లి సంతవీధిలో గంగాధరప్పది పప్పుల అంగడి. బస్తాల మూతులు ఒకే ఎత్తున మడిచి ఉండాలి ఆయనకు. కందిపప్పు కుప్పను అరచేత్తో సాపు చేసి, పైన వేలితో ఒక గీత గీస్తే తప్ప కూర్చునేవాడు కాడు. కొనేవాళ్ళు ఆ గీతను చెరిపితే మళ్ళీ గీసేవాడు. తూకంలో నిజాయితీపరుడని పేరున్నా వీధివాళ్ళు ఆయన్ను తలచుకునేది ఈ చాదస్తంతోనే.

పెళ్ళైన చాలా ఏళ్ళకు ఒక్క కొడుకు పుట్టాడు, మునినారాయణ. ఇల్లు పాతకాలపుది. చుట్టూ స్తంభాల వసారా, నడుమ ఆకాశం కనిపించే పల్లం. ఆ పల్లంలో ఒక మూల గంగాధరప్ప ఇటుకలూ గారా తెచ్చి తన చేతులతోనే మోకాలెత్తు తొట్టి కట్టాడు. ఒక వానకాలమంతా అది ఊరికే నానింది. తరువాత పిల్లవాడు చెరువు కాలువలో పట్టిన చేపపిల్లల్ని చెంబులో తెచ్చి అందులో వదిలాడు. మాంసం ముట్టని శెట్టి ఇంట్లో చేపలేమిటని వీధి నవ్వింది.

"ఏం శెట్టీ, బాగా మేపి ఉగాదికి కూరొండుతావా?" అనేది ఎదురింటి కెంపమ్మ.

"కూరకైతే నీ ఇంటికే పంపుతా లేమ్మా" అని ఆయనా నవ్వేవాడు.

ఆ మరుసటి ఎండాకాలం ఊళ్ళోకి వాంతిభేది వచ్చింది. పొద్దున అంగడికి వచ్చి బెల్లం ముక్క అడిగిన మునినారాయణ దీపాలు పెట్టే వేళకు లేడు. చిన్నబిడ్డ కాబట్టి దహనం లేదు, దినాలు లేవు, ఏడాది తిరిగితే చేయవలసిన కర్మ కూడా లేదు. పూడ్చి వచ్చి స్నానం చేశారు, అంతే. తరువాత తాలూకా కచేరీ మనుషులు వచ్చి వీధి బావిలో గంపలతో సున్నం పోశారు. నీళ్ళు తేటపడ్డాయి. ఆ పైన వీధిలో ఎవరూ పోలేదు. ఆ సున్నమేదో ముందే పోసి ఉంటే బాగుండేదని గంగాధరప్ప అంగడికి వచ్చిన వాళ్ళందరితోనూ అన్నాడు.

భార్య అంజనమ్మ ఏడవడం త్వరగానే మానుకుంది. మాట్లాడటం కూడా. వంట చేసి, ఆయనకు పెట్టి, తాను ఒక ముద్ద తిని వచ్చి తొట్టి పక్కన కూర్చునేది. నీళ్ళు ఆకుపచ్చగా చిక్కబడ్డాయి. గోడకు పాచి పట్టింది. ఆమె బొరుగులు చల్లితే ఆ పచ్చదనంలోంచి చేపలు మూతులు పైకెత్తేవి. అప్పుడు మాత్రం ఆమె ముఖం కాస్త కదిలేది.

గౌరిబిదనూరు నుంచి ఆమె అన్న శ్రీనివాసప్ప వచ్చి ఇదంతా చూశాడు. చెల్లెలు సగమైపోయింది. ఈ కంపు నీళ్ళ ముందర కూర్చోబెడితే మనిషి దక్కదని బావమరిదిగా గట్టిగానే చెప్పాడు. ఉగాది కాగానే మళ్ళీ వస్తాననీ, అప్పటికీ ఇల్లు ఇట్లే ఉంటే చెల్లెల్ని పిలుచుకొనిపోతాననీ అన్నాడు. గంగాధరప్ప ఎదురు చెప్పలేదు. పెళ్ళాం కూడా లేని ఆ ఇంట్లోకి అంగడి మూసి తాను ఒక్కడే రావడం ఎట్లా ఉంటుందో ఆయన అప్పుడే మొదటిసారి ఊహించుకున్నాడు.

ఉగాది దాటగానే పని మొదలుపెట్టాడు. చేపల్ని గంగాళంలోకి తీస్తుంటే అంజనమ్మ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉండనీయండి. వాడున్నప్పుడూ ఇట్లే ఉండె."

వాడున్నప్పుడు ఇంత పాచి లేదని గంగాధరప్పకు తెలుసు. దుఃఖంలో అంటున్న మాటలే అనుకొని మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. తొట్టిని కొబ్బరిపీచుతో తోమి, ఒకదాని మీద ఒకటిగా సున్నం పూతలు వేశాడు. చివరి పూతలో నీలిమందు కలిపాడు. అంచున గుడి గోడకు వేసినట్టు తెలుపు, కావి పట్టెలు తీర్చాడు. చిత్రావతి ఏటి ఇసుకలో ఏరిన నున్నని రాళ్ళు అడుగున పరిచాడు. పూత ఆరీ ఆరకముందే నీళ్ళు నింపాడు. అవి ఇంకా కొంచెం మసకగా కనబడితే ఇంత సున్నం తెచ్చి చేత్తోనే కలిపాడు. మరునాటికి అడుగున రాళ్ళ మీది చారలు కూడా కనిపించాయి. అంతకంటే శుభ్రమైన నీళ్ళు ఆ ఊళ్ళో ఎక్కడా ఉండవనిపించింది ఆయనకు.

శ్రీనివాసప్ప బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి గంగాధరప్ప చేపల్ని అందులోకి వదులుతున్నాడు. వచ్చినవాడు వసారాలోనే నిలబడిపోయాడు.

"ఇప్పుడు ఇల్లు మాదిరి ఉండాది బావా. ఇంత చేస్తావని నేననుకోలే. అంజనమ్మ ఈడే ఉండనీ."

గంగాధరప్ప ముఖం తిప్పుకొని పైపంచెతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ పూట ఇద్దరూ ఓళిగలతో కడుపునిండా తిని వసారాలోనే చాపలు వేసుకొని కునుకు తీశారు.

లేచేసరికి అంజనమ్మ తొట్టి దగ్గరే ఉంది. చల్లిన బొరుగులు చల్లినట్టే తేలుతున్నాయి. వాటి నడుమ చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. ఒకటి మాత్రం పక్కకు ఒరిగి ఇంకా తోక ఆడిస్తోంది. ఆమె ఒక్కొక్కదాన్నే తీసి విస్తరాకులో పెడుతోంది. గంగాధరప్ప నీళ్ళలో చెయ్యి పెట్టాడు. వేళ్ళు జిగటగా జారాయి.

"సున్నం నీళ్ళకు మంచిదే గదా" అన్నాడు. "బావిలో పోసింది మనం తాగుతాండాం గదా."

"బావిలో చేపలు లేవు."

ఆయన చెయ్యి బయటికి తీసి పైపంచెకు తుడుచుకున్నాడు.

"చూసేదానికి బాగుండాలని చేసినారు" అంది అంజనమ్మ. కోపంగా అనలేదు. "ఎవరు చూసేదానికి?"

తోక ఆడటం ఆగిపోయిన ఆ చివరిదాన్ని కూడా తీసి ఆకులో పెట్టి అన్న వైపు తిరిగింది.

"అన్నా, నేనూ వస్తా. పద."

శ్రీనివాసప్పే ఎక్కువ వద్దన్నాడు. చేపలకోసం సంసారం వదులుతారా అన్నాడు, కాలువలో ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయన్నాడు. ఆమె చేపల్ని పెరట్లో పూడ్చి, కాళ్ళు కడుక్కొని, రెండు చీరలు మూట కట్టుకుంది. గుడిబండె మీదుగా పోయే సాయంత్రపు బస్సులో అన్నాచెల్లెళ్ళు వెళ్ళిపోయారు.

యుద్ధం వచ్చి బియ్యానికి కార్డులు పెట్టిన కాలంలో కూడా గంగాధరప్ప అంగడి నడుస్తూనే ఉండింది. అడిగినవాళ్ళతో ఆమెకు ఒంట్లో బాగలేదని, పుట్టింట్లో ఉందని చెప్పేవాడు. పండగలకు గౌరిబిదనూరు పోయేవాడు. ఆమె ఆకు వేసి, దగ్గర కూర్చొని వడ్డించేది. వ్యాపారం ఎట్లా ఉందని అడిగేది, కెంపమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగేది. ఇంటిని గురించి అడిగేది కాదు. బస్సుకు వేళైందని లేచినప్పుడు ఆమె వీధి గడప దాకా వచ్చేది. పోదాం రా అని పిలవాలనే ప్రతిసారీ అనుకొని వెళ్ళేవాడు. చెప్పులు తొడుక్కొని, వస్తానని మాత్రం చెప్పి నడిచేవాడు.