ఏడు మైళ్ళ ఇవతల

మా ఇంట్లో వానను ఎవరూ ఏమీ అనకూడదు. కప్పు కారినా, పొయ్యి తడిసి ఆరిపోయినా, దొడ్డి బురదై గొర్రెపిల్లలు వణికిపోతున్నా, ఇక చాలు అనే మాట నోట రాకూడదు. మర్రిగూడ చుట్టుపట్ల మెట్ట ఊళ్ళలో చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి. వానకు చెవులుంటాయనీ, వద్దన్న మనిషి ముఖం అది మళ్ళీ చూడదనీ మా అవ్వ చెప్పేది. నాకు ఐదారేళ్ళప్పుడు కొత్త లంగా తడిసిందని ఏడుస్తూ వానను ఏదో అన్నాను. అవ్వ గభాలున అరచేత్తో నా నోరు మూసి, వాకిట్లోకి లాక్కుపోయి, తడుస్తూనే మూడుసార్లు దండం పెట్టించింది. ఆ అరచేతిలో గొర్రె పాల వాసన ఇప్పటికీ గుర్తుంది.

నాలుగేళ్ళ కిందట ఒక రాత్రి నేను నోరు తెరవడానికి ఆలస్యం చేశాను. తర్వాత తెరిచాను. రెండింటిలో ఏది తప్పో నాకు ఇంకా తెలియదు.

ఆ ఏడు నా చెల్లెలికి పదేళ్ళు. అంతకు ముందు రెండేళ్ళ నుంచి దాని మోకాళ్ళు లోపలికి వంగడం మొదలైంది. నడుస్తుంటే ఒకదానికొకటి తగిలేవి. నల్లగొండ దవాఖానలో డాక్టరు దాని పళ్ళ మీది గోధుమరంగు చారలు చూసి, అంతా మీ బావి నీళ్ళ వల్ల, నీళ్ళు మార్చాలి అన్నాడు. ఏ నీళ్ళు తాగాలె సారూ అని నాయిన అడిగాడు. డాక్టరు రెండు సీసాల మందు రాసిచ్చాడు.

ఆ తర్వాత ఉన్ని కొనడానికి వచ్చిన ఒక మనిషి, కార్తీక పున్నమి నాడు తెల్లవారుజామున సముద్రంలో మూడు మునకలు వేయిస్తే ఎముక తిన్నగా అవుతుందని చెప్పిపోయాడు. అమ్మ ఆ రోజే పసుపు బట్టలో ముడుపు కట్టింది. చెల్లెలు తన చేత్తోనే దాన్ని నీళ్ళలో వదలాలి. మా ఊళ్ళో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. కాలినడకన పోతే మంచిదని కూడా ఆ మనిషి అన్నాడట. పిల్లను నడిపించలేము. మన కాళ్ళతోనే తొక్కుతాము గనుక సైకిలు నడకతో సమానమేనని ఊరి భజన వాళ్ళు తేల్చారు. బెజవాడ దాకా లారీలో వెళ్ళి, అక్కడి నుంచి బందరు మీదుగా సముద్రానికి ఒక రాత్రి తొక్కుడు అని లెక్క వేసుకున్నారు.

గొర్రెలను విడిచి అమ్మ రాలేదు. స్నానం చేయించి బట్టలు మార్చడానికి ఆడమనిషి ఒకరు కావాలి. నేను అప్పుడే గ్రామసేవిక శిక్షణ పూర్తి చేసి వచ్చాను. అక్కడ మాకు సైకిలు నేర్పారు. ఊళ్ళో సైకిలు తొక్కగల ఆడదాన్ని నేనొక్కదాన్నే అయినా, ఎవరైనా ఎదురైతే దిగి నడిపించుకుంటూ పోయేదాన్ని. అలా ఆరుగురం, చెల్లెలు ఏడో మనిషి: నాయిన, చిన్నాయన, ఇద్దరు భజన వాళ్ళు, నేను, కిరాయి సైకిళ్ళ దుకాణం మామ. మామను ఎవరూ పిలవలేదు. తన సైకిళ్ళను ఎవరికీ నమ్మి ఇవ్వలేక తానే బయలుదేరాడు.

“అన్నా, మీరు ఎన్ని మునకలన్న మునుగుండ్రి. నా బండ్లకు మాత్రం ఉప్పునీళ్ళు తాకొద్దు” అని దారి పొడుగునా నాయినకు చెబుతూనే ఉన్నాడు.

నార్కట్‌పల్లి దగ్గర ఆముదాల లారీ ఎక్కాము. బస్తాల మీద సైకిళ్ళు కట్టి, వాటి మధ్య మేము కూర్చున్నాము. బెజవాడలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. తూర్పున ఆకాశమంతా నల్లటి మొగులు దిగి ఉంది. నాయిన తలపాగా తీసి చంకలో పెట్టుకుని దానికి దండం పెట్టాడు. మా దగ్గర కందిచేలు ఒక్క వాన కోసం నెల నుంచి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. భజన వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. సముద్రమే మనకు మొగులును ఎదురు పంపింది అన్నాడు చిన్నాయన. అక్కడ దుకాణాల వాళ్ళు పగటిపూటే తలుపు చెక్కలు బిగిస్తున్నారు. కాలువలో పడవలకు రెండేసి మోకులు కడుతున్నారు. నేను అవి చూశాను, శిక్షణలో ఇచ్చిన నోటుబుక్కులో కూడా రాసుకున్నాను. ఎందుకు కడుతున్నారని ఎవరినీ అడగలేదు.

చీకటి పడుతుండగా బందరు రోడ్డు ఎక్కాము. చెల్లెలిని గొంగడిలో చుట్టి నాయిన వెనక కూర్చోబెట్టి, తలపాగా గుడ్డతో ఆయన నడుముకు కట్టారు. మామ సైకిలుకు ఒక్కదానికే దీపం ఉంది. మిగతా వాళ్ళం ఆ వెలుగును పట్టుకుని వెళ్ళాము. ఒక పక్కన కాలువ, ఇంకో పక్కన నీళ్ళు నిలిచిన పొలాలు. అన్ని నీళ్ళు ఒక్కచోట నేను అంతకు ముందు చూడలేదు. మొదటి గంట భజన పాటలతో గడిచింది. చెల్లెలు కూడా గొంతు కలిపింది. ముసురు మొదలైంది. అందరూ తలలు ఎత్తి ముఖాలు తడుపుకున్నారు.

గంటల తరబడి తొక్కాక, బందరు దగ్గరపడుతుండగా, బండ్లు ఎదురు రావడం మొదలైంది. ఎడ్లబండ్ల మీద మంచాలు, వడ్ల బస్తాలు, గంపల కింద కోళ్ళు, వాటి మధ్య పిల్లలు. బండ్ల వెనక గేదెలు. ఎక్కడో సంత విడిచినట్టున్నది అన్నాడు చిన్నాయన. పున్నమి ముందు రాత్రి సంత ఏమిటని నాకు అనిపించింది. ఇంకొంచెం దూరం పోయాక మరో సంగతి తట్టింది. తెల్లవారితే సముద్ర స్నానం. ఈ రోడ్డు నిండా మాలాగా పోయేవాళ్ళు ఉండాలి. వెనక్కి తిరిగి చూశాను. మా వెనక ఒక్క దీపం లేదు. బండ్లన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయి. ఆ దిక్కు మాది కాదు.

అప్పుడే నా సైకిలు చైను ఊడింది. ముందున్న వాళ్ళకు గాలిలో నా పిలుపు వినిపించలేదు. రోడ్డు పక్కన కూర్చుని తడుముకుంటూ చైను ఎక్కిస్తుంటే ఒక బండి నా దగ్గర ఆగింది. అందులో ముసలామె లాంతరు ఎత్తి నా ముఖం చూసింది.

“ఇంత రాత్రివేళ ఎటమ్మా? సముద్రం పోటెత్తుతోందని ఊళ్ళకు ఊళ్ళు లేచి వచ్చేస్తున్నాం. వెనక్కెళ్ళిపోండి తల్లీ.”

మీ వాళ్ళంతా వచ్చారా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని. పెద్దకొడుకు గేదెలను విప్పుకుని వస్తానని ఆగిపోయాడని చెప్పింది. బండి కదిలింది. నేను గబగబా తొక్కి మా వాళ్ళను కలుసుకున్నాను.

ఏమైందని నాయిన అడిగాడు. చైను ఊడిందన్నాను.

అంతే అన్నాను. ఎందుకన్నానో తర్వాత ఎన్నోసార్లు నోటుబుక్కులో రాయబోయాను. మగవాళ్ళ మధ్య మాట్లాడే అలవాటు లేకపోవడం ఒకటి. వానకు వ్యతిరేకంగా ఒక మాట అనాలంటే అవ్వ అరచేయి నోటికి అడ్డం రావడం ఒకటి. అన్నిటికంటే, చెల్లెలు అప్పుడే నాయిన వీపు మీద తల ఆనించి, కాళ్ళు సక్కగయినంక బావి దాక నేనే పోయి నీళ్ళు తెస్త అంటోంది. ఆ మాటను ఆపే మనిషిని నేను కాలేకపోయాను. సైకిలు తొక్కుతూ మైలురాళ్ళు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ప్రతి రాయి దగ్గరా చెబుదామనుకున్నాను.

భజన ఎప్పుడో ఆగిపోయింది. గాలి ముఖం మీద చేయి వేసి నెడుతున్నట్టుగా ఉంది. కాలువ గట్టు మీది తాటిచెట్లు వంగి, లేచి, మళ్ళీ వంగుతున్నాయి. కప్పల అరుపు లేదు. తెల్లని పక్షులు గుంపులుగా మా తలల మీదుగా పడమటికి పోయాయి, అంత చీకటిలో. ఆ తర్వాత ఒక చప్పుడు మొదలైంది. దూరంగా, ఎడతెగకుండా, నేలలో నుంచి వస్తున్నట్టు.

“రైలు వస్తాంది” అన్నాడు చిన్నాయన.

ఎంతసేపటికీ ఆ రైలు పోలేదు.

నాలుగో మైలురాయి దగ్గర గాలి పక్క నుంచి కొట్టింది. నాయిన సైకిలు ఒరిగి, ఇద్దరూ కట్టుకున్న గుడ్డతో సహా రోడ్డు మీద పడ్డారు. కాలువ అంచు అక్కడి నుంచి రెండు బారలు కూడా లేదు. చెల్లెలు ఏడవలేదు. ముడుపును రెండు చేతులా గుండెకు అదుముకుని అలాగే పడుకుని ఉంది. మామ దీపం తిప్పినప్పుడు మైలురాయి మీద అంకె కనబడింది. సముద్రం ఏడు మైళ్ళు.

“లే బిడ్డా, దగ్గరికొచ్చినం” అని నాయిన దాన్ని లేపుతున్నాడు.

అప్పుడు చెప్పాను. ముసలామె అన్నది మొత్తం చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“గా ముసలామె ఎప్పుడు చెప్పింది?” అన్నాడు చిన్నాయన.

“నాలుగు మైళ్ళ ఎనక.”

“మరి గింతసేపు నోట్ల ఏమున్నది నీకు?”

నాయిన మాత్రం కోప్పడలేదు. “మొగులు మనల్ని ఏం జేస్తది బిడ్డా? మనం దాన్ని ఎన్నడన్న ఒక్క మాట అన్నమా?” అని, నిజంగా నన్ను అడుగుతున్నట్టే అడిగాడు. ఆయన చెల్లెలిని మళ్ళీ ఎక్కించుకోబోతున్నాడు. నా దగ్గర ఇక ఒక్క మాటే మిగిలింది.

“నాకు గీ వాన వద్దు నాయినా. గిది ఆగిపోవాలె.”

నాయిన చేయి లేచింది. అవ్వ చేయిలాగే నా నోటి దాకా వచ్చి, తాకకుండా దిగిపోయింది. ఆయన వంగి సైకిలు లేవనెత్తి, ముందు చక్రం పడమటికి తిప్పాడు. మిగతా వాళ్ళూ తిప్పారు. చెల్లెలు ఒక్కటే అడుగుతూ ఉంది, సముద్రం అటు కదా నాయినా అని. ఆయన నడుముకు కట్టిన గుడ్డ ముడి ఇంకోసారి బిగించాడు. నా మాటకు భయపడి తిప్పాడని అప్పుడు అనుకున్నాను. ముసలామె మాటకు కాదు, గాలికీ కాదని తర్వాత చిన్నాయన చెప్పాడు. వానను వద్దన్న మనిషిని వెంట పెట్టుకుని ఆ నీళ్ళకు మొక్కు చెల్లించలేమని తిప్పాడట.

వెనక్కి వస్తే గాలే మమ్మల్ని తరిమింది. దారిలో చూసిన ఒక రాతి బడి దగ్గర బండ్లు నిండి ఉన్నాయి. మెట్ల మీద, గదుల్లో మనుషులు. మామ సైకిళ్ళను ఒక్కొక్కటిగా మెట్ల కిందికి తోసి, వాటికి అడ్డంగా కూర్చున్నాడు. ఒక మూల ఆ ముసలామె ఉంది. నన్ను గుర్తుపట్టి జరిగి, చెల్లెలికి చోటు ఇచ్చింది. ఆ రాత్రంతా పైన రేకులు లేచిపోతున్న చప్పుడు, మధ్యలో ఆ రైలు చప్పుడు. తలుపు తీసిన ప్రతిసారీ ముసలామె లేచి నిలబడి, వచ్చిన మనిషి ముఖం చూసి మళ్ళీ కూర్చుంది. తెల్లవారేదాకా ఎన్నిసార్లు లేచిందో నేను లెక్కపెట్టలేదు.

పొద్దున తూర్పు రోడ్డు మీద చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. నీళ్ళు ఎంత దాకా వచ్చిపోయాయో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. ఒకరు సముద్రం నుంచి మూడో మైలు అన్నారు. ఒకరు ఎనిమిదో మైలు అన్నారు. మేము పోయి చూడలేదు. బయలుదేరేటప్పుడు ముసలామె మెట్ల మీద తూర్పుకు తిరిగి కూర్చుని ఉంది. కొడుకు సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. వారం తర్వాత పత్రికలో నాలుగు పంక్తులు వచ్చాయి. పాకలు కొట్టుకుపోయాయనీ, మనుషులు కూడా పోయారనీ ఉంది. ఏయే ఊళ్ళో రాయలేదు. దాన్ని కత్తిరించి నోటుబుక్కులో అతికించాను. నాయినకు చదివి వినిపిద్దామని చాలాసార్లు తీసి, మళ్ళీ మూశాను.

మరుసటి ఏడు మాకు వానలు పడలేదు. ఆ పై ఏడూ అంతే. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నాయిన సగం గొర్రెలను అమ్మేశాడు. అమ్మ బావి దగ్గర నన్ను చూసి ఒకసారి ఏదో అనబోయి, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ముడుపు దూలానికి వేలాడుతోంది. పసుపు రంగు పోయింది. వచ్చే పున్నమికి పోదామని ఒక్కరూ అనలేదు.

చెల్లెలు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తుంది. బడి దూరం. ఇంట్లోనే దానికి నేను చదువు చెప్పాను. త్వరగా వచ్చేసింది, నాకంటే త్వరగా. ఆ రాత్రి గురించి అడిగినప్పుడల్లా, ఇంకా సగం దారి ఉండె, ఎట్లయినా అందకపోతుంటిమి అని చెబుతూ వచ్చాను. అది నమ్మింది. అప్పటికి దానికి అంకెలు రావు.

మొన్న నేను పని నుంచి వచ్చేసరికి నా నోటుబుక్కు కట్టి పెట్టిన చోట లేదు. చెల్లెలు గడప దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది, పుస్తకం పక్కన మూసి పెట్టి. పత్రిక ముక్క కూడా చదివే ఉంటుంది.

“అక్కా, ఏడు మైళ్ళంటే మన ఊరి నుంచి ఏడిదాక అయితది?”

ఆలోచించి, సంత జరిగే ఊరి దాకా అని చెప్పాను.

అది తన మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని, ఆ దిక్కుకు చూసింది.

“గంతేనా” అంది.