మోలేకి నల్లబెల్లం కావాలని అనకాపల్లి వెళ్తే

విశాఖలో మా ఇంట్లోనే శని, ఆదివారాలు దేశదేశాల కారపు వంటలు వండి అమ్ముతుంటాను. కిందటి నెల మెక్సికోవాళ్ళ మోలే చేశాను. ఎండుమిరప, నువ్వులు, వేరుశనగ, కాస్త చాక్లెట్ నూరి మరిగించే చిక్కటి పులుసు అది. ఆ దేశంలో ఉండొచ్చిన ఒకాయన సగం వదిలేసి, "కారం ఉందండీ, లోతు లేదు" అన్నారు. ఉడుక్కున్నాను. అక్కడ ముదురు చెరకుబెల్లం వేస్తారు, నేను పంచదార వేశాను. వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మన్నాను. ఈసారీ కుదరకపోతే వంటలమ్మడమే మానేస్తానని మావారితో అనేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆయనకు తెలుసు.

శుక్రవారం పొద్దున ఏడింటి రైలెక్కాను. టికెట్టు ముప్ఫై రూపాయలు, గంట లోపే అనకాపల్లి. రుచి అక్కడే తేల్చుకుందామని బెల్లం వేయని మోలే డబ్బాలో పట్టుకెళ్ళాను. స్టేషన్ నుంచి బజారుకు షేరాటో ఇరవై. "పచ్చబెల్లం కొనుక్కోండమ్మా, సూడ్డానికి బాగుంటాది" అన్నాడు డ్రైవరు. నల్లదే కావాలంటే అద్దంలోంచి ఎగాదిగా చూశాడు.

బజారులో రెండు కొట్లవాళ్ళు నల్లది లేదన్నారు. ఆ చూపుకు అర్థం మూడో కొట్లో తెలిసింది. "నల్లబెల్లంతో సారా కాత్తారేటమ్మా? ఎక్సైజోళ్ళొత్తే ఎవులు సెప్తారు సమాధానం?" అన్నాడు షావుకారు. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఉత్తచేతులతో తిరిగెళ్ళే ప్రసక్తే లేదు. డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను. "పొయ్యి చూపించండి. మీ బెల్లం వేసి మీ ఎదుటే మరిగిస్తాను."

ఆయన డబ్బాలోకి తొంగిచూస్తుంటే వెనకింట్లోంచి ఆయన భార్య వచ్చారు. "ఇందులో నీసేటీ లేదు కదా?" అన్నారు. "లేదు పిన్నిగారూ, ఉత్త పులుసే" అన్నాను. లోపలికి రమ్మని, నల్లటి దిమ్మొకటి తెచ్చి ముక్క కొట్టిచ్చారు. పది నిమిషాలు మరిగేసరికి వాసనే మారిపోయింది. నాలిక మీద వేసుకుంటే ముందు తీపి, వెనక సన్నటి చేదు, ఆఖర్న నిదానంగా కారం. ఎగిరి గంతేయాలనిపించింది.

పిన్నిగారు కూడా రుచి చూసి భర్త వైపు తిరిగారు. "సారా కాసేవోళ్ళు ఇన్ని నువ్వులు నూరతారేటండీ? ఇచ్చీండి ఆవిడికి!"

రెండు కిలోలు తెచ్చుకున్నాను. తాగుబోతుల పుణ్యమా అని మంచి బెల్లానికి చెడ్డపేరొచ్చిందే అని దారంతా బాధపడ్డాను. ఆదివారం ఆ మెక్సికోలో ఉండొచ్చినాయన గిన్నె ఖాళీ చేసి, మారు వడ్డించమన్నారు. మానేసే మాట మళ్ళీ నేనెత్తలేదు, మావారూ ఎత్తలేదు. మీరూ వెళ్తే పొద్దున్నే వెళ్ళండి. నల్లబెల్లం అనేముందు ఏం వండుతారో చెప్పండి, వండింది చేతిలో ఉంటే మరీ మంచిది.