మాట అందించే మనిషి

బస్టాండులో ఆమెను అందరూ కౌంటరమ్మ అనేవారు. ప్రయాణికుడు ఊరి పేరు సగం పలికేలోపే టికెట్ కొట్టి, చిల్లరతో సహా కిటికీలోంచి తోసి, "తర్వాతెవరు?" అనేది. చాలాసార్లు సరిగ్గానే కొట్టేది. తప్పు కొట్టినప్పుడు మాత్రం ఆ తప్పు ఎదుటివాడిదే. బస్సు కదలబోతుంటే నిలబడి నీళ్లు నమిలేవాళ్లతో ఎవరు వేగుతారు?

ఇంట్లోనూ అదే వరస. భర్త కళ్లజోళ్ల షాపులో పనిచేసేవాడు. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెట్టి, "ఇది బాగుందా, ఇంతకుముందుదా?" అని అడిగి, వాళ్లు తేల్చుకునేదాకా గోడకు ఆనుకుని నిలబడేవాడు. నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి. ఆయన మాట మొదలుపెడితే ఆమె ముగించేది. పెళ్లయిన కొత్తలో మొదలైన ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఇబ్బంది లేదనే ఆమె అనుకుంది. ఆయన్ను అడిగి చూడలేదు. అడిగినా జవాబు తనే చెప్పి ఉండేది.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. పడిపోయిన కుడి చెయ్యి, కుడి కాలు కొద్దికొద్దిగా తేరుకున్నాయి గాని మాట రాలేదు. అన్నీ తెలుసు, అన్నీ అర్థమవుతాయి. చెప్పబోతే మాత్రం మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. "నీ..." అనేవాడు. ఆమె గ్లాసుతో నీళ్లు తెచ్చి నోటి దగ్గర పెట్టేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. "నీరసంగా ఉందా? నీడకి జరపనా? నీలం చొక్కా కావాలా?" అంటూ ఆమె గుక్కతిప్పుకోకుండా అడిగేది. చివరికి విసుగెత్తి ఏదో ఒకదానికి ఆయన సరేనన్నట్టు తల ఊపేవాడు. హమ్మయ్య, దొరికింది అనుకునేది ఆమె.

ఆసుపత్రిలో మాటలు నేర్పించే డాక్టరమ్మ మొహమాటం లేకుండానే చెప్పింది. "మీరిలా అందిస్తూ పోతే ఆయనకి వెతుక్కునే పనుండదు. వెతుక్కోకపోతే మాట రాదు. ఇప్పుడు రాకపోతే ముందుముందు ఇంకా కష్టం. ఎంతసేపైనా సరే, ఆగండి."

ఆగుతానని ఆమె మాటిచ్చింది. ఆసుపత్రి మెట్లు దిగకముందే ఆ మాట తప్పింది.

కాలు నిలదొక్కుకోవడానికి మంచిదని ఆ ఆసుపత్రివాళ్లే ఆయన్ను తాయ్ చీ తరగతిలో చేర్చారు. పై అంతస్తులో ఖాళీ చేసిన ఒక పాత వార్డులో ఆ తరగతి. మంచాల కాళ్లు అరగదీసిన గుంటలు నేలమీద ఇంకా అలాగే ఉన్నాయి. అక్కడే ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన నర్సమ్మ నేర్పేది. ముందు చీగాంగ్ అని ఊపిరి చూసుకుంటూ నిలబడటం, ఆ తర్వాత తాయ్ చీ అని మెల్లమెల్లగా చేతులూ కాళ్లూ కదపడం. పక్కన తోడుగా కూర్చుందామని వెళ్లిన కౌంటరమ్మను నర్సమ్మ కూర్చోనివ్వలేదు. "ఉత్తినే కూర్చుని ఏం చేస్తారు? మీరూ రండి" అంది.

కష్టాలు అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

"పెద్ద బిందెను కౌగిలించుకున్నట్టు చేతులు పెట్టండి. మోకాళ్లు కాస్త వదులు చేయండి. నిలబడండి" అంది నర్సమ్మ. అందరూ నిలబడ్డారు. ఇంకా నిలబడ్డారు. లేని బిందెను పట్టుకుని కౌంటరమ్మ భుజాలు లాగేస్తున్నాయి.

"ఇప్పుడేం చెయ్యాలండీ?"

"ఇదే చెయ్యాలమ్మా."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున్నే వంట ముగించి, ఆయనకు స్నానం చేయించి, ఆటో మాట్లాడుకుని, సెలవు పెట్టుకుని ఇంతదూరం వచ్చింది ఊరికే నిలబడటానికా?

చేతులు పైకెత్తమంటే మిగతావాళ్లవి నడుము దాటకముందే ఆమెవి పైకెళ్లి కిందికి వచ్చేసేవి. నర్సమ్మ "ఇప్పుడు మెల్లిగా ఊపిరి..." అనగానే "పీల్చండి" అని ఆమె అందించేది. గదిలో అందరూ పీల్చేసేవారు. "వదలండి అనబోయానమ్మా" అనేది నర్సమ్మ. అప్పటికే ఒకసారి పీల్చి ఉన్నవాళ్లు దానిమీద ఇంకోసారి పీల్చి, బుగ్గలు ఉబ్బించుకుని ఆమెకేసి గుర్రుగా చూసేవారు.

ఇంతకీ ఆయన మాత్రం బాగా చేసేవాడు. కుడి చెయ్యి వణుకుతూ లేచేది, నడిమధ్యలో ఆగేది, మళ్లీ లేచేది. చుట్టూ అందరిదీ నత్తనడకే కాబట్టి ఆయన వెనకబడినట్టే ఉండేది కాదు. "అయ్యగారిని చూసి నేర్చుకోండి" అనేది నర్సమ్మ. ఆమెకు సంతోషం కలిగేది, కాదనలేం. దానితోపాటే ఉడుకుమోత్తనమూ వచ్చేది. ఇన్నేళ్లూ ఇంటిని పరుగులమీద లాక్కొచ్చింది తను, మెప్పు కొట్టేసింది ఈయన!

ఒకరోజు ఆయన మోచెయ్యి ఆగిపోతే ఆమె చెయ్యి వేసి పైకి లేపబోయింది.

"వదిలేయండమ్మా" అంది నర్సమ్మ. "పడబోతే పట్టుకోండి. ఇప్పుడాయన పడట్లేదు, ఆలస్యమవుతోందంతే. అసలు మీరు రాకపోయినా ఫర్వాలేదు. లిఫ్టు దగ్గర్నుంచి మేం చూసుకుంటాం."

"భలేవారండీ. ఆయన్ని ఒక్కణ్ణీ ఎలా పంపుతాను?" అని కౌంటరమ్మ అక్కడితో ఆ మాట తుంచేసింది. ఆయన కిందికి దించిన చేతికేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన తలెత్తి "ఉ..." అన్నాడు. ఆమె ఉప్పు గిన్నె ముందుకు జరిపింది.

"అమ్మా, నాన్న ఏదో చెప్తున్నారు" అంది కూతురు.

"ఉప్పు."

"ఉప్పు కాదేమో."

"కాదని నీకెలా తెలుసే?"

"నాకు తెలీదు. నీకూ తెలీదు. అదే నేననేది."

ఆయన మళ్లీ ముద్ద కలుపుకున్నాడు. ఆ చెప్పాలనుకున్నదేదో ఆ పూటకి పోయింది. కౌంటరమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నెలమీద కసి తీర్చుకుంది. కూతురు వెనకే వచ్చి నిలబడింది.

"నేనేమన్నా పగదాన్నా?" అంది ఆమె వెనక్కి తిరక్కుండానే. "ఆ మాట గొంతుకడ్డం పడి మొహం ఎర్రబడిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? నావల్ల కాదు. నాకే ఊపిరాడదు."

"చూడలేకపోతే కళ్లు మూసుకో" అంది కూతురు. "నోరు కూడా."

మర్నాడు కూతురు పనికి వెళ్లిపోయాక, కౌంటరమ్మ తరగతికని ఆటోను గుమ్మం ముందు ఆపించి, చెప్పులు వేసుకోబోతుంటే వెనక నుంచి "ఇ..." అని వినిపించింది. ఆయన కుర్చీలోంచి లేచి, చేతికర్ర ఊతగా నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కానా, ఇంకో జత బూట్లా, ఇంటి తాళమా అని మాటలు ఆమె నాలుక చివర బారులు తీరాయి. పళ్లు బిగించింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగు పట్టుకుని మెలిపెట్టింది. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆయన పెదవులు కదిలి ఆగాయి. మొహం ఎర్రబడింది. ఆమె కళ్లు మూసుకుంది.

"ఇవాళ" అన్నాడు ఆయన.

మళ్లీ హారన్. ఉండవయ్యా అని అరవాలనిపించింది, అరవలేదు.

"నువ్వు" అన్నాడు.

తన గురించే చెప్పబోతున్నాడు. ఇన్ని నెలల తర్వాత నోటికి వస్తున్న మొదటి నిండు మాట తన గురించి. కళ్లు మూసుకునే నవ్వింది ఆమె.

"రాకు."

ఆమె కళ్లు తెరిచింది. ఆయన చెమటలు కక్కుతూ, ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"నేనే... వెళ్తా."

ఎంత ఏడుపొచ్చిందో అంత కోపమూ వచ్చింది ఆమెకు. ఆటో ఎక్కేటప్పుడు కాలు జారితే? లిఫ్టు పనిచెయ్యకపోతే? దేనికీ నోరు విప్పలేదు. పక్కకు తప్పుకుని దారిచ్చింది. ఆయన గడప దాటి, ఆటో కడ్డీ పట్టుకుని, ఒక కాలు పెట్టి, చాలాసేపటికి రెండో కాలు పెట్టి కూర్చున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎక్కడికి సార్?" అన్నాడు ఆటోవాడు.

"ఆ..." అన్నాడు ఆయన.

ఆటోవాడు అద్దంలో ఆయన్ను చూశాడు. తర్వాత మెడ తిప్పి గుమ్మంలో ఉన్న ఆమెను చూశాడు, నువ్వైనా చెప్పమ్మా అన్నట్టు. ఆమె తల తిప్పేసుకుని వీధి చివరకు చూస్తూ నిలబడింది. ఇంజన్ దడదడమంటూనే ఉంది. ఆటో ఇంకా కదల్లేదు.